మున్సిపాలిటీ, పంచాయతీ వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం స్థానిక సంస్థలకు వెబ్‌సైట్లు, ఆన్‌లైన్ సేవలు కట్టేవాళ్లం, బెంగళూరు నుంచి పనిచేస్తాం. కర్ణాటకలోని స్థానిక సంస్థలతో పాటు హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు నుంచీ, ఇటు హోసూరు నుంచీ తెలుగువాళ్లు అడిగే ప్రశ్నలను ఇక్కడ పెట్టాం. అడిగేవాళ్లలో కమిషనర్లు, మేనేజర్లు, రెవెన్యూ సిబ్బంది, పంచాయతీ కార్యదర్శులు ఎక్కువ. కొన్ని జవాబులు మాకు వచ్చే పనిని తగ్గించేవే.

మా మున్సిపాలిటీకి కొత్త వెబ్‌సైట్ చేయించాలని కౌన్సిల్ తీర్మానించింది. మొదట ఏం చూసుకోవాలి?

రాష్ట్రం ఇప్పటికే ఏం నడుపుతోందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్ను, నీటి పన్ను, ప్లాన్ అప్రూవల్ వంటివి పురపాలక శాఖ నడిపే రాష్ట్రస్థాయి వ్యవస్థల్లోనే ఉన్నాయి. కర్ణాటకలో ఆస్తి ఖాతాకు ఈ-ఆస్తి ఉంది, దరఖాస్తులకు సేవా సింధు ఉంది, గడువులకు 2011 నాటి సకాల చట్టం ఉంది. వీటిని మళ్లీ కట్టించుకుంటే ఒకే ఇంటికి రెండు చోట్ల రెండు బాకీలు కనబడతాయి, కౌంటర్ దగ్గర జవాబు చెప్పుకోవాల్సింది మీ బిల్ కలెక్టరు. జనన మరణ ధ్రువపత్రాలకు కూడా సొంత మాడ్యూల్ రాయించొద్దు. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ చట్టం డిజిటల్ నమోదును, డిజిటల్ ధ్రువపత్రాన్ని తెచ్చింది. మీ రాష్ట్రం వాడే పోర్టల్‌కు లింకు ఇచ్చి, ఏ కాగితాలు కావాలో పక్కన తెలుగులో రాస్తే చాలు.

మరి మీకు మిగిలే పని ఏమిటంటే: కౌన్సిల్ అజెండాలు, తీర్మానాలు, బడ్జెట్, టెండర్లు, వార్డు మ్యాపులు, అనుమతి ఉన్న లేఅవుట్ల జాబితా, కల్యాణ మండపం బుకింగ్, సెప్టిక్ ట్యాంక్ బండి బుకింగ్, మార్కెట్ షాపుల వేలం, నీళ్లు ఏ వీధికి ఏ రోజు వస్తాయన్న పట్టిక. జనం నిజంగా వెతికేవి ఇవే. వీటిని మీకోసం రాష్ట్రం రాసిపెట్టదు.

గ్రామ పంచాయతీకి సొంత వెబ్‌సైట్ కావాలా?

చాలావాటికి అక్కర్లేదు. ప్రణాళిక, పనులు, చెల్లింపులు 2020 ఏప్రిల్ 24న మొదలైన కేంద్ర పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఉంటాయి. కర్ణాటకలో అయితే పంచతంత్ర సాఫ్ట్‌వేర్ ఉంది, బాపూజీ సేవా కేంద్రాలు ఉన్నాయి. పెద్ద పంచాయతీ అయి, సంతకో పరిశ్రమలకో కేంద్రమైతే నాలుగైదు పేజీల సైట్ పనికొస్తుంది. దానికి లక్షల్లో కొటేషన్ ఇచ్చేవాళ్లు వస్తే గ్రామసభలో చదివి వినిపించండి.

డొమైన్, అంటే వెబ్ చిరునామా, ఎవరి పేరు మీద ఉండాలి?

మీ ఆఫీసు పేరు మీదే. డాట్ గవ్ డాట్ ఇన్ చిరునామాలు ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) రిజిస్ట్రీ ఇస్తుంది. ఆఫీసు లెటర్‌హెడ్ మీద అధీకృత అధికారి సంతకంతో లేఖ, పాలనా బాధ్యుడి వివరాలు, సాంకేతిక బాధ్యుడి వివరాలు, నేమ్ సర్వర్లు ఇవ్వాలి. మేం సాంకేతిక బాధ్యులుగా ఉండొచ్చు, యజమానిగా మాత్రం ఉండకూడదు.

కాంట్రాక్టరు తన పేరుతో డాట్ కామ్ కొని, కాంట్రాక్టు అయిపోయాక రెన్యూ చేయకపోతే ఆ పేరు మార్కెట్‌లోకి వస్తుంది. ఎవరో కొని బెట్టింగ్ ప్రకటనలు పెడతారు. మీ పాత రసీదుల మీద, గోడల మీద, చెత్త బండ్ల మీద ఆ చిరునామానే ఉంటుంది. ఇలాంటిదే ఇంకోటుంది: సబ్‌డొమైన్‌ను ఒక క్లౌడ్ సర్వర్‌కు చూపించి, సర్వర్ మూసేసి, డీఎన్ఎస్‌లో (ఏ చిరునామా ఏ సర్వర్‌కు పోవాలో చెప్పే పట్టికలో) ఆ వరుస తీసేయడం మరిచిపోవడం. అప్పుడు మీ ప్రభుత్వ చిరునామా కిందే వేరేవాడు పేజీ పెట్టగలడు. అందుకే ఏడాదికోసారి డీఎన్ఎస్ పట్టిక ప్రింట్ తీసి, ఒక్కో వరుస ఎందుకుందో రాయించుకోండి.

వార్డులు, జిల్లాలు మారితే సైట్ మళ్లీ కట్టాలా?

సరిగా కట్టి ఉంటే అక్కర్లేదు. బెంగళూరే పెద్ద ఉదాహరణ. 2007లో ఏర్పడ్డ బృహత్ బెంగళూరు మహానగర పాలికె (బీబీఎంపీ) బదులు, 2024 నాటి గ్రేటర్ బెంగళూరు గవర్నెన్స్ చట్టం కింద 2025 సెప్టెంబరు 2న సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అని ఐదు నగర పాలక సంస్థలు వచ్చాయి. వాటిపైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ ఉంది. పాత జోన్ పేర్లను డ్రాప్‌డౌన్‌లో నేరుగా కోడ్‌లోకి రాసేసిన సాఫ్ట్‌వేర్‌కు ఇలాంటి రోజున పెద్ద చిక్కే. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి, హిందూపురం అనంతపురం జిల్లా నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది.

మేం చేసేది ఇది: ప్రతి వార్డు, జోన్, జిల్లాను టేబుల్‌లో ఒక వరుసగా పెట్టి, కేంద్రం ఇచ్చే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్ జోడించి, 'ఎప్పటి నుంచి', 'ఎప్పటి వరకు' అని రెండు తేదీలు ఇస్తాం. పాత ఫిర్యాదు పాత వార్డులోనే ఉంటుంది, కొత్తది కొత్త వార్డులో పడుతుంది. పాత వరుసను చెరిపి దానిమీదే కొత్త పేరు రాస్తే గత ఏడాది నివేదికలన్నీ తప్పుతాయి, ఆడిట్ వచ్చినప్పుడు అది బయటపడుతుంది.

మా దగ్గరున్న జీవోలు, తీర్మానాలు అన్నీ అను ఫాంట్లలో ఉన్నాయి. అలాగే అప్‌లోడ్ చేస్తే ఏమవుతుంది?

కంటికి బాగానే కనబడుతుంది. కానీ అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం లోపల ఇంగ్లిష్ అక్షరాల సంకేతంగానే దాగి ఉంటుంది. ఆ పీడీఎఫ్‌లో 'కల్యాణ మండపం' అని వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులొస్తాయి, చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. కన్నడలో పాత నుడి ఫైళ్లకూ, తమిళంలో బామినికీ ఇదే గొడవ.

మార్పిడి సాఫ్ట్‌వేర్ ఉంది కానీ వత్తుల దగ్గర, అంకెల దగ్గర తడబడుతుంది. అందుకే క్రమం ఇలా పెట్టుకోండి. ఈ ఏడాదివి, పోయిన రెండేళ్లవి మార్చి, ఇంటిపేర్లు, సర్వే నంబర్లు, మొత్తాలు మనిషి చేత సరిచూపించండి. అంతకన్నా పాతవాటిని స్కాన్‌గా ఉంచి, శీర్షిక, తేదీ, తీర్మానం నంబరు మాత్రం యూనికోడ్‌లో టైపు చేయించండి. ఆ మూడింటితోనే జనం వెతుకుతారు.

యూనికోడ్‌లోకి వచ్చాక కూడా ఒక చిన్న పేచీ ఉంది. 'వెబ్‌సైట్' అన్న మాటలో బ్ తర్వాత కంటికి కనబడని విడదీసే గుర్తు ఒకటి ఉంటుంది. ఒకరు దాంతో, ఇంకొకరు అది లేకుండా టైపు చేస్తే కంప్యూటర్‌కు అవి రెండు వేరే మాటలు. వెతికే ముందు ఆ గుర్తును తీసేసేలా సెర్చ్ రాయాలి. టెస్టింగ్‌లో ఇది దాదాపు ఎవరికీ తట్టదు.

కోలారు, చిక్కబళ్లాపుర, పావగడ వైపు జనం తెలుగే మాట్లాడతారు. కర్ణాటక సైట్లో తెలుగు పెట్టొచ్చా?

సైట్ కన్నడలో ఉండాలి, తోడుగా ఇంగ్లిష్. సమాచార పేజీలు, అంటే చెత్త సేకరణ వేళలు, టీకా శిబిరాలు లాంటివి, సంస్థ నిర్ణయించుకుంటే అదనంగా తెలుగులో ఇవ్వొచ్చు. దరఖాస్తు ఫారాలు మాత్రం వద్దు. తెలుగులో నింపిన ఫారాన్ని కన్నడలో ఫైలు నడిపే గుమాస్తా ఏం చేయాలి?

తెలుగు అక్షరాలకు పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లిష్ కన్నా ఎక్కువ కావాలి. అక్షరం ఎత్తుకు 1.6 రెట్లు పెడితే సరిపోతుంది. ఇంగ్లిష్‌కు కొలిచి చేసిన బటన్లలో 'దరఖాస్తు చేయండి' పట్టదు, వత్తులు తెగిపోతాయి. డిజైన్ మొదటి రోజు నుంచీ తెలుగు మాటలతోనే గీయాలి. మెషిన్ అనువాదం చిత్తుప్రతికి పనికొస్తుంది. దాన్ని మీ ఆఫీసులో ఒకరు చదవకుండా పెట్టొద్దు.

ఆన్‌లైన్‌లో డబ్బు కడితే ఖాతాలో పడింది, రసీదు రాలేదు. ఎందుకిలా?

మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఇదే ముందుంటుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మార్చి 31 రాత్రి 11:58కి ఒకాయన 4,380 రూపాయల షాపు అద్దె యూపీఐలో కట్టాడనుకోండి. బ్యాంకు డబ్బు తీసుకుంది, మెసేజ్ వచ్చింది. ఈలోగా సిగ్నల్ పోయింది, బ్రౌజర్ మీ సైట్‌కు తిరిగి రాలేదు. నాసిరకం సాఫ్ట్‌వేర్ ఆ బ్రౌజర్ తిరిగి వస్తేనే 'కట్టారు' అని రాసుకుంటుంది. కాబట్టి బాకీ అలాగే చూపిస్తుంది. ఆయన కంగారుపడి 12:03కి మళ్లీ కడతాడు. ఇప్పుడు డబ్బు రెండుసార్లు పోయింది, పైగా రసీదు కొత్త ఆర్థిక సంవత్సరంలో పడింది.

జరగాల్సింది ఇది. పేమెంట్ గేట్‌వేకు, అంటే మనకూ బ్యాంకుకూ మధ్య చెల్లింపు నడిపే వ్యవస్థకు, పంపే ముందే లావాదేవీ నంబరు పుట్టించి 'మొదలైంది' అని నమోదు చేయాలి. ఫలితాన్ని బ్రౌజర్ నుంచి కాక, గేట్‌వే సర్వర్ మన సర్వర్‌కు నేరుగా పంపే సమాచారం నుంచి తీసుకోవాలి. అది రాకపోతే 5, 15, 30 నిమిషాలకు మనమే గేట్‌వేను అడగాలి, రాత్రికి ఒకసారి మిగిలినవన్నీ మళ్లీ అడగాలి. తేలేవరకు అదే బాకీ మీద రెండో చెల్లింపును ఆపి, 'మీ చెల్లింపు పరిశీలనలో ఉంది, మళ్లీ కట్టకండి' అని తెలుగులో చూపాలి. రసీదు మీద తేదీ ఆయన కట్టిన తేదీయే, అంటే మార్చి 31. డబ్బు మీ ఖాతాలోకి చేరేది సాధారణంగా మరుసటి పనిదినాన. ఏప్రిల్ 1 బ్యాంకులకు ఖాతాల ముగింపు రోజు, కాబట్టి ఇంకా ఆలస్యమవుతుంది. డీసీబీ (డిమాండ్, వసూలు, బాకీ) రిజిస్టర్‌లో వసూలు తేదీ, జమ తేదీ రెండు వేరే గడులుగా లేకపోతే ఏటా ఏప్రిల్‌లో లెక్క కుదరదు.

రోజూ ఉదయం మూడు జాబితాలు పక్కపక్కన పెట్టి చూడాలి: మీ సాఫ్ట్‌వేర్ రసీదులు, గేట్‌వే నివేదిక, బ్యాంకు స్టేట్‌మెంట్. ఈ పనిని ఎవరు చేస్తారో పేరుతో కాదు, హోదాతో ఆఫీస్ ఆర్డర్ ఇవ్వండి. వారం వదిలేస్తే తేడాలు పేరుకుపోతాయి, నెల వదిలేస్తే ఎవరూ ముట్టుకోరు.

ఇంకో రెండు మాటలు. డబ్బు నేరుగా స్థానిక సంస్థ ఖాతాలోకే పోవాలి. మధ్యలో మా ఖాతాలోకి గానీ ఇంకే కాంట్రాక్టరు ఖాతాలోకి గానీ రాకూడదు. రెండోది, యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకీ 2020 జనవరి 1 నుంచి ఎండీఆర్, అంటే చెల్లింపు అందుకునేవారి నుంచి తీసుకునే రుసుం, లేదు. క్రెడిట్ కార్డు, నెట్ బ్యాంకింగ్‌కు ఛార్జీ, దానిపై 18 శాతం జీఎస్టీ ఉంటాయి. అది కట్టేవాళ్లు భరిస్తారా, మీరు భరిస్తారా అన్నది ముందే తీర్మానంలో రాయించుకోండి.

ఎస్ఎంఎస్ ఖర్చు అనుకున్నదానికి రెట్టింపు వస్తోంది.

తెలుగులో పంపుతున్నారు కదా! ఇంగ్లిష్ మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగుకు 70 మాత్రమే. దాటితే భాగానికి 67 చొప్పున విడిపోయి, ప్రతి భాగానికీ డబ్బు పడుతుంది. అదీ మనం లెక్కపెట్టే అక్షరాలు కావు: గుణింతం, పొల్లు, వత్తు విడివిడిగా లెక్క. 'పన్ను' అంటే ఐదు, 'స్త్రీ' అంటే ఆరు. 'మీ ఇంటి పన్ను రూ.4380 అందింది.' అనేసరికే 30 అయిపోయాయి. రసీదు నంబరు, ఆఫీసు పేరు, లింకు చేరిస్తే 70 దాటడం ఖాయం. 'గౌరవనీయులైన పురప్రజలకు' లాంటివి కోసేయండి.

పంపే పేరు, మెసేజ్ నమూనా డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీలు నడిపే నమోదు వేదికలో, ముందే నమోదై ఉండాలి. నమూనాలో లేని ఒక కామా చేరినా మెసేజ్ పోకపోవచ్చు. ఆ నమోదు ప్రధాన సంస్థగా మీ ఆఫీసు పేరు మీదే చేయించండి.

సెక్యూరిటీ ఆడిట్ ఎలా జరుగుతుంది? మీరే చేసి ఇవ్వలేరా?

ఇవ్వలేం. కట్టినవాళ్లే తనిఖీ చేయకూడదు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఎంప్యానెల్ చేసిన, అంటే తన జాబితాలో చేర్చిన, సంస్థ చేయాలి. టెస్ట్ సర్వర్ మీద మొదటి విడత చేసి లోపాల నివేదిక ఇస్తారు, మేం సరిచేస్తాం, రెండో విడత చూసి హోస్టింగ్‌కు యోగ్యమని ధ్రువపత్రం ఇస్తారు. ఆ తర్వాత కోడ్ మారిస్తే ఆ ధ్రువపత్రం పాత కోడ్‌కే వర్తిస్తుంది. దీన్ని చాలామంది పట్టించుకోరు.

తరచుగా దొరికేవి: పాతబడిన లైబ్రరీలు, ఓటీపీ ఎన్నిసార్లయినా ప్రయత్నించనివ్వడం, ఫొటో అప్‌లోడ్ చేసేచోట ప్రోగ్రామ్ ఫైల్‌ను కూడా తీసుకోవడం. అన్నిటికన్నా చెడ్డది రసీదు లింకు. చివర 1041 అని ఉన్న అంకెను 1042 చేస్తే పక్కింటాయన రసీదు, ఫోన్ నంబరుతో సహా తెరుచుకుంటుంది. ప్రతి రసీదు తెరిచే ముందు 'ఇది ఈ మనిషిదేనా' అని సర్వర్ అడగాలి, లింకులో వరుస అంకె బదులు ఊహించలేని సంకేతం ఉండాలి.

2022 ఏప్రిల్ 28 నాటి సర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం దాడి జరిగినట్టు గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు (సర్వర్‌లో ఎప్పుడు ఏం జరిగిందన్న నమోదులు) 180 రోజులు దాచాలి. ఆ 6 గంటల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ఒక కాగితం మీద రాసి సిస్టమ్ గదిలో అంటించండి. సైట్ పగలగొట్టారని తెలియగానే కంగారుగా అంతా చెరిపేసి బ్యాకప్ ఎక్కించొద్దు, ఎలా వచ్చారో చెప్పే ఆధారాలు దాంతోపాటే పోతాయి.

సర్వర్ ఎక్కడ పెట్టాలి?

రాష్ట్ర డేటా సెంటర్, ఎన్ఐసీ, లేదా కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ ఎంప్యానెల్ చేసిన క్లౌడ్. నెలకు మూడొందల షేర్డ్ హోస్టింగ్ వద్దు.

పైన అక్షరాలను పెద్దవి, చిన్నవి చేసే 'ఎ ప్లస్, ఎ మైనస్' బటన్లు ఉన్నాయి. దివ్యాంగుల నిబంధన తీరినట్టేనా?

లేదు. ప్రభుత్వ సైట్ల మార్గదర్శకాలు, జీఐజీడబ్ల్యూ మూడో రూపం, 2023లో వచ్చింది. దివ్యాంగులకు అందుబాటు కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.1లో ఏఏ స్థాయి అందుకోవాలి. మామూలు అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5:1 ఉండాలి. లేత పసుపు మీద తెల్ల అక్షరాలతో పండుగ శుభాకాంక్షలు పెడితే అక్కడే తప్పుతుంది. మౌస్ లేకుండా కీబోర్డుతోనే ఫారం నింపగలగాలి. పరుగెత్తే వార్తల పట్టీకి ఆపే బటన్ ఉండాలి, అసలు పట్టీయే లేకపోతే ఇంకా మంచిది. నోటీసును ఫొటో తీసి పెట్టడం మానేసి మాటల్లో టైపు చేయించండి.

లబ్ధిదారుల జాబితా పెట్టమని పైనుంచి ఆదేశం వచ్చింది.

పెట్టండి, కానీ ఎక్సెల్ ఉన్నదున్నట్టు కాదు. ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రచురించడం ఆధార్ చట్టం 29వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. పేరు, వార్డు, పథకం, దరఖాస్తు నంబరు సరిపోతాయి. బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్లు తీసేయండి. ఎక్సెల్‌లో కాలమ్‌ను 'హైడ్' చేసి అప్‌లోడ్ చేస్తే అది తీసేసినట్టు కాదు, డౌన్‌లోడ్ చేసినవాళ్లు మళ్లీ తెరుచుకుంటారు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది కాబట్టి ఫారాల్లోనూ అవసరమైన గడులే ఉంచుతాం. కల్యాణ మండపం బుకింగ్‌కు కులం, ఆధార్ ఎందుకు?

ఎన్నికల కోడ్ వస్తే?

ముఖ్యమంత్రి, మంత్రులు, ఛైర్‌పర్సన్ ఫొటోలు వెంటనే దిగాలి. ఆ ఫొటోలు హోమ్ పేజీలో ఒక్కటే కాదు, రసీదు పీడీఎఫ్‌లోనూ, యాప్ మొదటి తెరలోనూ ఉంటాయి. అన్నిటినీ ఒకేచోట ఆర్పే స్విచ్ పెట్టించుకోండి. కోడ్ ప్రకటన ఆదివారం వచ్చినా మీరే ఆర్పగలగాలి.

సైట్ కట్టాక ఎవరు అప్‌డేట్ చేస్తారు?

మీవాళ్లే. ఒకరు రాసేవారు, ఒకరు ఆమోదించేవారు, పైన వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్. సమాచార హక్కు చట్టం 4(1)(బి) కింద పెట్టాల్సిన 17 అంశాలు ఏ సెక్షన్‌వి ఏ సెక్షన్ వాళ్లే ఏటా సరిచూడాలి. లాగిన్లు హోదా పేరుతో ఉండాలి. కమిషనర్‌కు బదిలీ అయితే ఓటీపీలు ఇంకా ఆయన సొంత ఫోన్‌కే వెళ్తుంటాయి, కొత్తగా వచ్చినవారు పాతాయనకు రోజూ ఫోన్ చేసి 'సార్, నంబరు చెప్పండి' అని అడగాల్సి వస్తుంది. ఛార్జ్ అప్పగింత కాగితంలో తాళాల పక్కన ఈ లాగిన్ల జాబితా కూడా చేర్చండి.

యాప్, వాట్సాప్, చాట్‌బాట్ కూడా చేస్తారా?

యాప్ వద్దంటాం. ఏడాదికి రెండుసార్లు వాడేదాన్ని ఎవరూ ఫోన్‌లో ఉంచుకోరు. ఫోన్‌లో చక్కగా తెరుచుకునే సైట్ చాలు. వాట్సాప్ సేవలను ఆంధ్రలో ప్రభుత్వమే 2025 జనవరిలో మన మిత్ర పేరుతో మొదలుపెట్టింది, దానికి పోటీగా మరొకటి అక్కర్లేదు. చాట్‌బాట్ సంగతి, సైట్‌లో సమాచారం తాజాగా ఉన్నప్పుడు మాట్లాడుకుందాం.

ఎన్నాళ్లు పడుతుంది? బిల్లు ఎలా ఉంటుంది?

మామూలు మున్సిపల్ సైట్‌కు 10 నుంచి 12 వారాలు. అందులో సగం మీ సెక్షన్ల నుంచి జాబితాలు, మ్యాపులు రావడానికే పోతుంది. కొటేషన్‌లో నిర్మాణం, డేటా ఎక్కింపు, ఆడిట్ ఫీజు, హోస్టింగ్, ఏటా నిర్వహణ విడివిడిగా అడగండి. 'మొత్తం కలిపి ఇంత' అన్న ధరలో ముందుగా కోత పడేది డేటా ఎక్కింపుకే.

మేం కర్ణాటకలో ఉంటాం కాబట్టి ఆంధ్ర సంస్థలకు వేసేది ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ), 18 శాతం. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటితే మీరు 2 శాతం జీఎస్టీ టీడీఎస్ పట్టుకోవాలి. స్థానిక సంస్థల విధులకు సంబంధించిన కేవల సేవలకు, అంటే సరుకు ఏదీ లేని సేవలకు, మినహాయింపు ఉంది, కానీ అది మీ పనికి వర్తిస్తుందో లేదో మీ ఆడిటర్ రాతపూర్వకంగా చెప్పాకే బిల్లులో తీసేస్తాం.

మీతో కాంట్రాక్టు ముగిస్తే ఏమేం తీసుకోవాలి?

సోర్స్ కోడ్ పూర్తిగా, దాన్ని ఖాళీ సర్వర్ మీద ఎక్కించే సూచనలతో. డేటాబేస్ ప్రతి, అప్‌లోడ్ చేసిన ఫైళ్లు వేరుగా. డీఎన్ఎస్, క్లౌడ్, డీఎల్‌టీ, గేట్‌వే మర్చంట్ లాగిన్లు. ఆఖరి ఆడిట్ నివేదిక, 180 రోజుల లాగ్‌లు. ఇవి తీసుకున్నాక, చివరి బిల్లు చెల్లించే ముందే, మాకు సంబంధం లేని ఒక మనిషి చేత ఆ కోడ్‌ను కొత్త సర్వర్ మీద ఎక్కించి చూడండి. ఒక పాత రసీదు తెరవాలి, ఒక్క రూపాయి చెల్లింపు పూర్తవ్వాలి. ఆ తర్వాత పాస్‌వర్డులన్నీ మార్చి, మా సిబ్బంది లాగిన్లు మూసేసి, మూసినట్టు మా చేత సంతకం పెట్టించుకోండి.